లినక్స్‌లో గేమ్స్ ఆడొచ్చా అంటే, ముందు నీ గేమ్స్ లిస్టు తియ్యి

తమ్ముడూ, నువ్వడిగింది ముందు నాలుగు ముక్కల్లో రాస్తాను, తర్వాత ఎవరు చదివినా విషయం తెలుస్తుంది. 2017లో కొన్న ల్యాప్‌టాప్. ఇంటెల్ ఐ5 ఏడో జనరేషన్, జీటీఎక్స్ 1050 గ్రాఫిక్స్ కార్డు 4 జీబీది, ర్యామ్ 8 జీబీ. విండోస్ ఉన్న ఎస్‌ఎస్‌డీ ఒకటి, గేమ్స్ అన్నీ పెట్టుకున్న 1 టీబీ పాత హార్డ్‌డిస్క్ ఒకటి. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11 ఎక్కిద్దామంటే నీ ప్రాసెసర్ పాతదైపోయిందని ఒప్పుకోవడం లేదు. రూమ్మేట్ ఒకడు విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత సిస్టమ్ వేసెయ్యమన్నాడు, ఇంకొకడు "లినక్స్‌లో గేమ్సేంట్రా, టెర్మినల్‌లో పాములాట ఆడుకుంటావా" అని నవ్వాడు. నువ్వు ఆడేవి కౌంటర్ స్ట్రైక్ 2, విచర్ 3, జీటీఏ 5, వాలరెంట్, బోర్ కొడితే పాత వైస్ సిటీ.

సూటిగా చెప్తాను. కౌంటర్ స్ట్రైక్ ఆడతావు. విచర్ ఆడతావు. వైస్ సిటీ ఆడతావు. జీటీఏ 5లో కథంతా ఆడతావు, ఆన్‌లైన్‌లోకి పోలేవు. వాలరెంట్ మాత్రం మర్చిపో. ఏ డిస్ట్రో (అంటే లినక్స్‌లో ఏ రకం) వేసినా, ఎన్ని యూట్యూబ్ వీడియోలు చూసినా అది నడవదు. అందుకే ఎవరైనా "లినక్స్‌లో గేమ్స్ ఆడొచ్చా" అని అడిగితే నేను అవుననీ కాదనీ అనను, ముందు లిస్టు అడుగుతాను. రోజూ రాత్రి ఫ్రెండ్స్‌తో వాలరెంట్ తప్ప ఇంకేదీ ఆడనివాడికి లినక్స్ వేయించామంటే, వాడి చేత నెల రోజులు తిట్లు తినాల్సిందే.

నవ్వినవాణ్ణి కూడా తప్పుపట్టను. వాడు పాత సంగతి చెబుతున్నాడు, అంతే. నేను చదువుకునే రోజుల్లో ఉబుంటు అనే లినక్స్ వాళ్ళు అడిగినవాళ్ళకి సీడీలు ఉచితంగా పోస్టులో పంపేవాళ్ళు. మా హాస్టల్‌కి ఆ కవర్ వచ్చిన రోజు పదిమంది చుట్టూ మూగారు. వేశాం, డెస్క్‌టాప్ ముద్దొచ్చింది, ఆ వెంటనే వైస్ సిటీ పెట్టాం. మెనూ వచ్చింది, పాట వచ్చింది, చప్పట్లు కొట్టాం. ఆట మొదలయ్యాక చూస్తే రోడ్డు మీద కార్లు ఉన్నాయి, వాటికి చక్రాలు లేవు. గాల్లో తేలుతూ పోతున్నాయి. ఆ రాత్రంతా ఫైళ్ళు మార్చి మార్చి, తెల్లారేసరికి చక్రాలు తెప్పించాం గానీ ఈసారి సౌండ్ పోయింది. ఇంటర్నెట్ సెంటర్‌కి పోయి గంటకి ఇరవై రూపాయలిచ్చి ఆడుకోవడమే నయం అనుకుని వదిలేశాం. నాకు తెలిసిన చాలామందికి లినక్స్ గేమింగ్ అంటే ఇప్పటికీ ఆ చక్రాల్లేని కార్లే.

మరి మధ్యలో ఏం జరిగింది? విండోస్ గేమ్ ఫైల్లో ఉన్న మెషీన్ కోడ్ నీ ప్రాసెసర్‌కి కొత్త భాషేమీ కాదు, విండోస్ ఉన్నా లినక్స్ ఉన్నా ప్రాసెసర్ అదే. తేడా వచ్చేదల్లా గేమ్ మాటిమాటికీ సిస్టమ్‌ని అడిగే పనుల దగ్గర. ఈ ఫైలు తెరువు, ఈ సౌండ్ వినిపించు, ఈ బొమ్మ గీయి అని అది విండోస్ పద్ధతిలో అడుగుతుంది. తహసీల్దారు ఆఫీసు ముందు బల్ల వేసుకుని అర్జీలు రాసిపెట్టే మనిషి ఉంటాడు చూడు. మనం మన గోడు మన మాటల్లో చెబితే, లోపలివాళ్ళు తీసుకునే పద్ధతిలో కాగితం రాసిస్తాడు. 1993లో మొదలైన వైన్ అనే ప్రాజెక్టు చేసేది ఆ పనే. అందుకే దాని పేరులోనే "నేను ఎమ్యులేటర్‌ని కాదు" అని పెట్టుకున్నారు. మొత్తం కంప్యూటర్‌ని నకలు చేసి నడిపితే స్పీడు చచ్చిపోతుంది, అర్జీ తిరగరాస్తే అంత పోదు.

వైన్‌కి చాలాకాలం మింగుడుపడనిది బొమ్మలు గీసే భాగం. విండోస్ గేమ్స్ డైరెక్ట్‌ఎక్స్ అనే మైక్రోసాఫ్ట్ పద్ధతిలో అడుగుతాయి. దాన్ని పాత ఓపెన్‌జీఎల్‌లోకి మార్చేటప్పుడు సగం జావ కారిపోయేది. మా చక్రాలు పోయింది కూడా అక్కడే అయ్యుంటుంది. 2016లో వల్కన్ అనే కొత్త పద్ధతి వచ్చాక దారి దొరికింది. ఫిలిప్ రెబోలే అనే జర్మన్ కుర్రాడు తనకిష్టమైన నియర్ ఆటోమాటా అనే ఒక్క గేమ్ లినక్స్‌లో ఆడుకోవడం కోసం, డైరెక్ట్‌ఎక్స్ 11ని వల్కన్‌లోకి మార్చే డీఎక్స్‌వీకే రాయడం మొదలుపెట్టాడు. గేమ్స్ అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్‌ని నడిపే వాల్వ్ కంపెనీ వాళ్ళు అతనికి అండగా నిలబడ్డారు. 2018 ఆగస్టులో వైన్‌నీ డీఎక్స్‌వీకేనీ ఇంకొన్ని ముక్కల్నీ ఒక మూటగా కట్టి, ప్రోటాన్ అని పేరుపెట్టి స్టీమ్‌లోనే పెట్టేశారు. డైరెక్ట్‌ఎక్స్ 12 కోసం వీకేడీ3డీ-ప్రోటాన్ అని ఇంకో అర్జీల బల్ల ఉంది.

వాల్వ్ వాళ్ళు ఇదంతా మన మీద ప్రేమతో చేశారనుకోకు. 2012లో విండోస్ 8తో పాటు మైక్రోసాఫ్ట్ సొంత స్టోర్ వస్తోందనగానే వాల్వ్ అధిపతి గేబ్ న్యూవెల్‌కి కడుపులో రాయి పడింది. రేపు మన స్టీమ్‌ని తలుపు బయట నిలబెడితే ఎలా అని లినక్స్ వైపు ఒక దారి వేసుకోవడం మొదలుపెట్టాడు. 2013లో లినక్స్‌కి స్టీమ్ వచ్చింది. 2015లో స్టీమ్ మెషీన్లని పెట్టెలు అమ్మబోయి బోర్లా పడ్డారు, ఎందుకంటే వాటి మీద ఆడటానికి సరిపడా గేమ్స్ లేవు. ఆ దెబ్బ తిన్నాకే, గేమ్ కంపెనీల్ని లినక్స్‌కి రమ్మని బతిమాలే బదులు విండోస్ గేమ్‌నే ఉన్నదున్నట్టు నడిపించాలని తెలివి తెచ్చుకున్నారు. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతిలో పట్టుకుని ఆడే మెషీన్ లోపల ఉన్నదీ లినక్సే, ప్రోటానే. నీ పాత ల్యాప్‌టాప్‌కి ఇప్పుడు అందే వైద్యం చాలావరకు ఆ బుల్లి మెషీన్ కోసం మెరుగుపరిచింది. మన దేశంలో వాళ్ళు దాన్ని నేరుగా అమ్మకపోయినా మందు మాత్రం మనకీ అందింది.

ఇప్పుడు వాలరెంట్ సంగతి. ఇది ప్రోటాన్ చేతగానితనం కాదు. వాలరెంట్‌కి కాపలా కాసే వాన్‌గార్డ్ అనే యాంటీ-చీట్ (మోసం చేసి ఆడేవాళ్ళని పట్టే ప్రోగ్రామ్) విండోస్ కర్నెల్‌లో, అంటే సిస్టమ్ గుండెకాయలో, కంప్యూటర్ ఆన్ అయినప్పటి నుంచీ కూర్చుంటుంది. లినక్స్‌లో ఆ విండోస్ కర్నెలే లేదు, కాపలావాడు కూర్చోవడానికి కుర్చీ లేదు. వర్చువల్ మెషీన్‌లో, అంటే లినక్స్ లోపలే ఒక ఉత్తుత్తి విండోస్ కంప్యూటర్‌లో పెట్టి మోసం చేద్దామనుకున్నా పట్టేస్తుంది. ఫోర్ట్‌నైట్, పీసీ పబ్‌జీ, కాల్ ఆఫ్ డ్యూటీ మల్టీప్లేయర్ కూడా అంతే, కారణాలు వేరువేరైనా తలుపు మూసే ఉంది.

జీటీఏ ఆన్‌లైన్ సంగతైతే ఇంకా మంట. అది లినక్స్‌లో చక్కగా నడిచేది. 2024 సెప్టెంబర్‌లో దానికి బ్యాటిల్‌ఐ అనే యాంటీ-చీట్ తగిలించారు. బ్యాటిల్‌ఐ 2021 నుంచీ ప్రోటాన్‌తో పనిచేయగలదు, గేమ్ కంపెనీ అనుమతిస్తే చాలు. అది మాత్రం జరగలేదు. తాళంచెవి ఉంది, తాళం తీసేవాళ్ళు లేరు. ఎపెక్స్ లెజెండ్స్ అయితే రెండేళ్ళు ఆడనిచ్చి, లినక్స్ వైపు నుంచి చీటర్లు వస్తున్నారని 2024 అక్టోబర్ చివర్లో తలుపేసేసింది. కాబట్టి నేనైతే ఒకటి పాటిస్తాను: ఒంటరిగా ఆడే గేమ్‌కి ధైర్యంగా డబ్బు పెడతాను, ర్యాంకులున్న ఆన్‌లైన్ గేమ్ ఇవాళ నడిచినా దాని స్కిన్‌ల మీద రూపాయి పెట్టను. స్టీమ్ సర్వేలో లినక్స్ వాటా 2025 అక్టోబర్‌లో మొదటిసారి 3 శాతం దాటింది. నూటికి ముగ్గురి కోసం తలనొప్పి ఎందుకని వాళ్ళనుకోవడం వాళ్ళ లెక్కలో తప్పు కాదు, మనకి మండినా సరే.

వాలరెంట్ కావాల్సిందే అంటే విండోస్‌ని పూర్తిగా తీసెయ్యకు. ఎస్‌ఎస్‌డీలో విండోస్ 10కి 120 జీబీ వదిలేసి, మిగతాది లినక్స్‌కి ఇవ్వు. విండోస్ 10కి పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్స్ 2026 అక్టోబర్ 13 దాకా పెట్టారు, అందులో చేరు. ఆ వైపు బ్యాంకు పనులు, మెయిల్స్ పెట్టుకోకు, వాలరెంట్ ఆడి బయటికి వచ్చెయ్యి.

ఏ డిస్ట్రో? నీకు లినక్స్ మింట్, సినమన్ ఎడిషన్. ఇక్కడే సగంమంది నాతో గొడవకి వస్తారు, గేమింగ్ కోసమే చేసిన బజైట్, నోబారా, క్యాచీ ఉన్నాయి కదా అని. అవి మంచివే, కొత్త ఏఎమ్‌డీ కార్డున్నవాడికి నేనూ అవే చెబుతాను. నీ కార్డు పాతది కాబట్టే నిదానంగా కదిలే మింట్ చెబుతున్నాను. జీటీఎక్స్ 1050 పాస్కల్ తరానిది. ఎన్‌విడియా వాళ్ళు ఆ తరానికి ఇచ్చే చివరి డ్రైవర్ వరస 580. ఆ తర్వాతి 590లో నీ కార్డు లేదు. రోజుకో కొత్త ప్యాకేజీ వచ్చే డిస్ట్రోల్లో ఒకరోజు అప్‌డేట్ కొట్టి నిద్రపోయి లేచేసరికి స్క్రీన్ నల్లగా ఉండొచ్చు. మింట్‌లో నువ్వు పెట్టిన 580 అలాగే ఉంటుంది.

డ్రైవర్ దగ్గర కాస్త నిలబడు, నూటికి ఎనభైమంది జారిపడేది ఇక్కడే అని నా అనుభవం. మింట్‌లో డ్రైవర్ మేనేజర్ తెరిస్తే ఎన్‌విడియా 580 అని రెండు రకాలు కనిపిస్తాయి. ఒకదాని చివర "ఓపెన్" అని ఉంటుంది. లినక్స్ అంటేనే ఓపెన్ సోర్స్ కదా అని కుర్రాళ్ళు ఉత్సాహంగా దాన్ని నొక్కుతారు. ఆ ఓపెన్ మాడ్యూల్ నీ తర్వాతి తరం ట్యూరింగ్ కార్డుల నుంచే పనిచేస్తుంది, అంటే జీటీఎక్స్ 16, ఆర్‌టీఎక్స్ 20 సిరీస్ నుంచి. నీకు ఓపెన్ అని లేనిదే కావాలి. తప్పుది పెట్టినా డెస్క్‌టాప్ మామూలుగానే వస్తుంది, ఎందుకంటే నీ ల్యాప్‌టాప్ స్క్రీన్‌ని ఇంటెల్ గ్రాఫిక్స్ నడిపించేస్తుంది. అంతా బాగానే ఉందనుకుని గేమ్ తెరిస్తే స్లైడ్ షో కనిపిస్తుంది, అప్పుడు లినక్స్‌ని తిట్టుకుంటాం.

రెండోది సెక్యూర్ బూట్, అంటే కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు నమ్మకమైన సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ని రానివ్వని కాపలా. మా మేనల్లుడి ల్యాప్‌టాప్‌కి ఆ మధ్య నేనే ఫోన్‌లో చెప్పి మింట్ వేయించాను. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మల్టీమీడియా కోడెక్స్ దగ్గర టిక్ పెడితే, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందని ఒక పాస్‌వర్డ్ పెట్టమంది. పెట్టాడు. రీస్టార్ట్ అయ్యేటప్పుడు నీలం రంగు స్క్రీన్ ఒకటి వచ్చింది, దాని మీద మోక్ మేనేజ్‌మెంట్ అని ఉంది, పక్కన పది సెకన్లు వెనక్కి లెక్కపెడుతోంది. వాడికి విండోస్ నీలం స్క్రీన్ గుర్తొచ్చి కంగారుపడి ఏదీ ముట్టుకోలేదు. పది సెకన్లు అయిపోయాయి, మింట్ తెరుచుకుంది, వాడు హమ్మయ్య అనుకున్నాడు. ఆ తర్వాత రెండు రోజులు డ్రైవర్ వేయడం, తీయడం, మళ్ళీ వేయడం. వేసినట్టే చూపిస్తుంది, పనిచేయదు. మూడో రోజు వీడియో కాల్‌లో నా ముందే రీస్టార్ట్ చేయమంటే, "మామయ్యా, మొదటిరోజు ఒక నీలం స్క్రీన్ వచ్చింది, అదేమైనా ముఖ్యమా" అన్నాడు!

ముఖ్యమే మరి. ఎన్‌విడియా డ్రైవర్ మీద నీ కంప్యూటర్ చేసిన సంతకాన్ని లినక్స్ నమ్మాలంటే ఆ స్క్రీన్‌లో నువ్వు ఒప్పుకోవాలి. నీలం స్క్రీన్ రాగానే ఏదో ఒక కీ నొక్కు, ఎన్‌రోల్ మోక్ అన్నది ఎంచుకో, కంటిన్యూ, యస్, ముందు పెట్టిన పాస్‌వర్డ్ కొట్టు, రీబూట్. పాస్‌వర్డ్ కొడుతుంటే అక్షరాలు కనపడకపోవచ్చు, అది మామూలే. విండోస్ అసలు ఉంచుకోవడం లేదంటే ఈ తిప్పలేమీ వద్దు, బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపెయ్యి.

డ్రైవర్ ఎక్కాక కింద ప్యానెల్‌లో ఎన్‌విడియా గుర్తు వస్తుంది. దాని మీద నొక్కితే ఇంటెల్, ఆన్-డిమాండ్, పెర్ఫార్మెన్స్ అని మూడు ఉంటాయి. చార్జర్ పెట్టి గేమ్స్ ఆడే రోజు పెర్ఫార్మెన్స్ పెట్టి, రీస్టార్ట్ చెయ్యి. క్లాసుకి తీసుకెళ్ళే రోజు ఇంటెల్ పెట్టుకో, బ్యాటరీ మిగులుతుంది.

ఇక ఆ 1 టీబీ డిస్క్. గేమ్స్ అన్నీ అందులోనే ఉన్నాయి కాబట్టి లినక్స్ స్టీమ్‌కి కూడా అదే ఫోల్డర్ చూపించేద్దామని నీకు అనిపిస్తుంది, అందరికీ అనిపిస్తుంది. చేయకు. అది ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే విండోస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్క్. ప్రోటాన్ ప్రతి గేమ్‌కీ ఒక ఉత్తుత్తి సీ డ్రైవ్ కడుతుంది, అందులో కోలన్ గుర్తు ఉన్న పేర్లతో లింకులు పెడుతుంది. విండోస్ పద్ధతిలో ఫైలు పేరులో కోలన్ ఉండకూడదు. కొన్నాళ్ళు నడిచినట్టే నడిచి, ఒకరోజు విండోస్ ఆ డిస్క్‌ని చెక్ చేసి "బాగుచేశాను" అంటుంది, ఆ పూటకి ఆ గేమ్ సంగతి అంతే. దీనికి తోడు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ చేసినా ఆ డిస్క్‌ని సగం నిద్రలోనే వదిలేస్తుంది. లినక్స్ దాన్ని చదవడానికి మాత్రమే తెరుస్తుంది. స్టీమ్ ఏమో డిస్క్ రైట్ ఎర్రర్ అని ఏడుస్తుంది. విండోస్, లినక్స్ రెండూ ఉండే డ్యూయల్ బూట్ పెట్టుకుంటే మొదటి రోజే విండోస్‌లో ఆ ఫాస్ట్ స్టార్టప్ తీసెయ్యి.

మరి అన్నీ మళ్ళీ డౌన్‌లోడ్ చేయాలా? హాస్టల్ వైఫైలో వంద జీబీ అంటే వార్డెన్ ఊరుకోడు. అక్కర్లేదు. ప్రోటాన్ నడిపేది విండోస్ గేమ్ ఫైళ్ళనే కదా, నీ డిస్క్‌లో ఉన్నవే పనికొస్తాయి. లినక్స్ స్టీమ్ ఒకసారి తెరిచి మూసెయ్యి. పాత డిస్క్‌లో స్టీమ్‌యాప్స్ ఫోల్డర్, దాని లోపల కామన్, దాని లోపల విచర్ ఫోల్డర్ ఉంటుంది. దాన్ని పేరు మార్చకుండా లినక్స్ స్టీమ్‌లోని కామన్ ఫోల్డర్‌లోకి కాపీ చెయ్యి. హోమ్‌లో స్టీమ్ ఫోల్డర్ కనపడకపోతే కంట్రోల్ హెచ్ నొక్కు, దాగి ఉన్నవి బయటికొస్తాయి. తర్వాత స్టీమ్‌లో ఇన్‌స్టాల్ నొక్కితే ఉన్న ఫైళ్ళు వెతుక్కుని, తక్కువైన కాస్తే దించుకుంటుంది. రూమ్మేట్ కంప్యూటర్లో అదే గేమ్ ఉంటే ఇంకా సులువు. 2023 నుంచి స్టీమ్ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్న ఇంకో కంప్యూటర్ నుంచి గేమ్ లాక్కోగలదు, అవతలివాడు స్టీమ్ సెట్టింగ్స్‌లో ఫ్రెండ్స్‌కి ఇవ్వొచ్చని ఒప్పుకుంటే చాలు. కావాల్సినవన్నీ ఇటు తెచ్చుకున్నాక, ఫోటోలూ ప్రాజెక్టులూ ఇంకెక్కడైనా దాచుకుని, పాత డిస్క్‌ని లినక్స్ పద్ధతి అయిన ఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేసి గేమ్స్‌కే ఇచ్చెయ్యి.

స్టీమ్‌ని సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో వెతికితే సిస్టమ్ ప్యాకేజీ అని ఒకటి, ఫ్లాట్‌ప్యాక్ అని ఒకటి వస్తాయి. సిస్టమ్ ప్యాకేజీ తీసుకో. ఫ్లాట్‌ప్యాక్‌ది కూడా పనిచేస్తుంది గానీ, రెండో డిస్క్ చూపించాలంటే విడిగా అనుమతులివ్వాలి, ఆ గొడవ నీకిప్పుడు దేనికి? స్టీమ్ సెట్టింగ్స్‌లో కంపాటిబిలిటీ అని ఉంటుంది, అన్ని గేమ్స్‌కీ స్టీమ్ ప్లే ఆన్ చేయమని టిక్ ఉంటే పెట్టు. కొత్త వెర్షన్లలో ఆ టిక్ కనపడదు, దానంతటదే ఆన్‌లో ఉంటుంది, వెతుక్కుంటూ కూర్చోకు.

కౌంటర్ స్ట్రైక్ 2కి ప్రోటాన్ అక్కర్లేదు, వాల్వ్ వాళ్ళే లినక్స్‌కి చేశారు. దాన్ని ఎస్‌ఎస్‌డీలో పెట్టు. మొదటిసారి తెరిచినప్పుడు వల్కన్ షేడర్స్ ప్రాసెస్ చేస్తున్నానని ఒక గీత నెమ్మదిగా కదులుతుంది. ఆత్రంగా స్కిప్ నొక్కావో, మొదటి మ్యాచ్‌లో నువ్వు గురిపెట్టే ప్రతిసారీ స్క్రీన్ ఆగి ఆగి కదులుతుంది. చాయ్ తాగి రా. ఫేస్‌ఇట్ అనే బయటి కంపెనీ సర్వర్లలో ఆడే అలవాటుంటే మాత్రం చెప్పు, వాళ్ళ యాంటీ-చీట్ లినక్స్‌కి రాదు. మామూలు మ్యాచ్‌మేకింగ్‌కి ఏ ఢోకా లేదు.

విచర్ 3 తెరిచేటప్పుడు డైరెక్ట్‌ఎక్స్ 11, 12 రెండిట్లో ఏదని అడుగుతుంది. కళ్ళు మూసుకుని 11. ఎన్‌విడియా కార్డుల్లో డైరెక్ట్‌ఎక్స్ 12 గేమ్స్ లినక్స్‌లో విండోస్ కంటే కాస్త వెనకబడతాయి, పాస్కల్ కార్డుల్లో ఇంకొంచెం ఎక్కువ. డైరెక్ట్‌ఎక్స్ 11తో నడిచే గేమ్స్‌లో తేడా పట్టుకోవాలంటే ఫ్రేములు చూపించే మ్యాంగోహడ్ అనే ప్రోగ్రామ్ పెట్టి ఫ్రేములు లెక్కపెట్టుకోవాలి, మామూలు కంటికి అందదు. టెక్స్‌చర్స్ మీడియంలో ఉంచు. 4 జీబీ గ్రాఫిక్స్ మెమరీ నిండిపోయిందంటే లినక్స్‌లో ఎన్‌విడియా డ్రైవర్ మొహమాటం లేకుండా కుంటుతుంది. అలాగే 8 జీబీ ర్యామ్‌తో వెనక క్రోమ్‌లో ముప్పై ట్యాబులు తెరిచి గేమ్ ఆడతానంటే ఏ సిస్టమూ కాపాడదు.

జీటీఏ 5లో రెండు వెర్షన్లుంటాయి, లెగసీ, ఎన్‌హాన్స్‌డ్. ఎన్‌హాన్స్‌డ్ నీ కార్డుకి బరువు. లెగసీ పెట్టుకో. రాక్‌స్టార్ లాంచర్ సెట్టింగ్స్‌లో బ్యాటిల్‌ఐ టిక్ తీసేసి స్టోరీ మోడ్‌లోకి వెళ్ళు. ఆ లాంచర్ ఒక్కోసారి లాగిన్ దగ్గర తెల్ల స్క్రీన్ చూపించి అలిగి కూర్చుంటుంది. అప్పుడు గేమ్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, అక్కడ వేరే ప్రోటాన్ వెర్షన్ ఎంచుకుని చూడు. నేను ముందు వాల్వ్ ఇచ్చిన మామూలుది, కాకపోతే ఎక్స్‌పెరిమెంటల్, అదీ కాకపోతే జీఈ ప్రోటాన్, ఈ వరసలో పోతాను. జీఈ అన్నది బయటి వాళ్ళు కట్టిన మూట, మధ్యలో వచ్చే వీడియోలు రంగుల గీతలుగా కనపడే గేమ్స్‌కి బాగా పనికొస్తుంది. ప్రోటానప్ క్యూటీ అనే చిన్న ప్రోగ్రామ్‌తో రెండు నొక్కుల్లో వచ్చేస్తుంది.

కొత్త గేమ్ కొనే ముందు, ఏ గేమ్ ప్రోటాన్‌లో ఎలా నడుస్తోందో జనం రాసే ప్రోటాన్ డీబీ అనే సైట్లో దాని పేరు కొట్టు. గోల్డ్, ప్లాటినం అని మెడల్ ఉంటుంది, దాన్ని చూసి సంతోషపడి కొనెయ్యకు. కింద జనం రాసిన రిపోర్టుల్లో నీలాంటి ఎన్‌విడియా కార్డున్నవాడు, గత రెండు మూడు నెలల్లో ఏం రాశాడో చదువు. మూడేళ్ళ కింద ఏఎమ్‌డీ కార్డుతో ఆడినవాడి ప్లాటినం నీకెందుకు? కొన్నాక కూడా నడవకపోతే, 14 రోజుల్లోపు, రెండు గంటలకంటే తక్కువ ఆడి ఉంటే స్టీమ్ డబ్బు వెనక్కిస్తుంది. అందుకే నేను కొత్త గేమ్‌లో మొదటి గంట కథ వినను, సెట్టింగ్స్ కెలుకుతాను.

వైస్ సిటీ పాత సీడీ కాపీ ఉందన్నావు. స్టీమ్‌లోనే "నాన్-స్టీమ్ గేమ్ కలుపు" అని ఉంటుంది, దాంతో ఇన్‌స్టాలర్ ఫైలుని కలిపి, ప్రాపర్టీస్‌లో ప్రోటాన్ పెట్టి నడుపు. పాత గేమ్స్ ఎక్కువ ఉంటే లూట్రిస్ వేసుకో, ఎపిక్‌లో ఉచితంగా తీసుకున్నవి ఉంటే హీరోయిక్ లాంచర్. వైస్ సిటీ మెనూలో ఫ్రేమ్ లిమిటర్ ఆన్‌లోనే ఉంచు, తీసేస్తే నీ కార్డు స్పీడుకి ఆట పిచ్చెక్కి పరుగెడుతుంది. క్రాక్ చేసిన రీప్యాక్‌ల గురించి అడిగావు, వాటికి నేను సాయం చేయను. తప్పొప్పుల సంగతి పక్కన పెట్టినా, అందులో ఏది పాడైందో, ఎవడు ఏం కలిపాడో తెలియకుండా ఎర్రర్ వెతకడం నా వల్ల కాదు. స్టీమ్ సేల్‌లో పాత గేమ్స్ బిర్యానీ ధరకే వస్తున్నాయి.

గేమ్‌ప్యాడ్ గురించి టెన్షన్ వద్దు. ఎక్స్‌బాక్స్‌వీ, ప్లేస్టేషన్‌వీ గుచ్చగానే తెలుసుకుంటుంది.

సరే, ఇవాళ చేయాల్సింది ఇది: మింట్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టి, ఇన్‌స్టాల్ చేయకుండా లైవ్‌లో తెరిచి, వైఫై, సౌండ్, బ్రైట్‌నెస్ కీలు పనిచేస్తున్నాయా చూడు. అవి బాగుంటేనే ముందుకు వెళ్ళు. ఇన్‌స్టాల్ అయ్యి, నీలం స్క్రీన్ దాటి, డ్రైవర్ పెట్టాక టెర్మినల్‌లో ఎన్‌విడియా-ఎస్‌ఎమ్‌ఐ అనే కమాండ్, అన్నీ చిన్నక్షరాలతో, మధ్యలో అడ్డగీతతో కొట్టు. ఒక పట్టిక వస్తుంది. పై వరసలో 580తో మొదలయ్యే నంబరూ, కింద 1050 అన్న పేరూ కనిపిస్తే స్టీమ్ తెరిచెయ్యి. పట్టికకి బదులు డ్రైవర్‌తో మాట్లాడలేకపోయానని ఇంగ్లిష్‌లో ఒక వాక్యం వస్తే ఏదీ తీసెయ్యకు, మళ్ళీ వేయకు. ఆ వాక్యం ఫోటో తీసి, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందో లేదో కూడా చెప్తూ ఇక్కడ పెట్టు. రాత్రి తొమ్మిది తర్వాత చూస్తాను.